డిస్‌ప్లే కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

మ్యూజియంలో గోడకున్న తెర, ఎయిర్‌పోర్టులో విమానాల బోర్డు, షోరూమ్‌లో వీడియో వాల్... వీటి వెనక ఉండే కంప్యూటర్లు రోజులు, నెలల తరబడి ఆగకుండా నడవాలి. ముందు కూర్చుని రీస్టార్ట్ కొట్టే మనిషి ఉండడు. గేమ్స్ కోసం రాసిన రివ్యూలు చూసి వీటికి గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్ నుంచి తెరకి బొమ్మని పంపే భాగం) కొంటే డబ్బూ పోతుంది, టెన్షనూ మిగులుతుంది. ఈ పనిలో నాకు తరచూ ఎదురయ్యే నమ్మకాలు ఇవి.

అపోహ: కార్డులో మెమరీ ఎంత ఎక్కువుంటే వీడియో అంత సాఫీగా ఆడుతుంది.

లెక్క వేసి చూడండి. 4కె తెర అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కోదానికి 4 బైట్లు అనుకుంటే ఒక ఫ్రేముకి, అంటే వీడియోలో ఒక్క బొమ్మకి, 33 ఎంబీ. నాలుగు తెరలు పెట్టి, ఒక్కోదానికి పదేసి ఫ్రేములు దాచుకున్నా 4 జీబీ కార్డులో ఇంకా బోలెడు చోటు ఉంటుంది.

వీడియో ఆడించేది మెమరీ కాదు, కార్డులో ప్రత్యేకంగా ఉండే డీకోడర్, అంటే కుదించిన వీడియో ఫైలుని విప్పి బొమ్మలుగా మార్చే భాగం. మీ ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందో ఆ ఫార్మాట్ దానికి తెలియాలి. ఎన్‌విడియా కంపెనీ కార్డు జీటీ 710కి హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ తెలియదు. అందులో 4కె హెచ్‌ఈవీసీ ఫైలు వేస్తే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాను గోల పెడుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

అపోహ: కొత్త మోడల్ అయితే అన్నీ ఉంటాయి.

ఏఎండీ కంపెనీ 2020లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6800 కార్డుకి ఏవీ1 అనే మరో వీడియో ఫార్మాట్ డీకోడింగ్ ఉంది. అదే వరుసలో 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400కి లేదు! పైగా దానికి తెరలు తగిలించే అవుట్‌పుట్లు రెండే. పేర్లను కూడా నమ్మలేం. ఎన్‌విడియా జీటీ 1030 పేరుతోనే జీడీడీఆర్5 రకం మెమరీ కార్డూ ఉంది, డీడీఆర్4 రకం కార్డూ ఉంది. రెండో దాని మెమరీ వేగం మొదటిదానిలో మూడో వంతు దగ్గర ఉంటుంది. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవకుండా డబ్బు కట్టకండి.

అపోహ: పొద్దున తెరలు తారుమారయ్యాయంటే కార్డు పోయినట్టే.

మంచి కార్డులు ఎక్కువగా మార్చేయించేది ఈ అపోహే. ప్రతి తెరా తన రెజల్యూషన్, రిఫ్రెష్ రేటు వివరాలను కేబుల్ ద్వారా కార్డుకి చెబుతుంది. ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. రాత్రి టీవీలు ఆపేస్తే చాలా సెటప్‌లలో ఆ తెర లేనట్టే కార్డు లెక్కేస్తుంది. వెంటనే విండోస్ అక్కడున్న ప్రోగ్రామ్‌ని పక్క తెర మీదికి నెట్టేస్తుంది. పొద్దున టీవీలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ప్రకటన మాత్రం పక్క తెర మీద ఉంటుంది. లేదంటే 1024 × 768లో ఉబ్బిపోయి కనిపిస్తుంది.

కార్డు మార్చినా మర్నాడు ఇదే కథ. కార్డుకీ టీవీకీ మధ్య ఈడీఐడీ ఎమ్యులేటర్ అనే చిన్న పరికరం పెడితే, టీవీ ఆగినా తెర ఉన్నట్టే కార్డు అనుకుంటుంది. ప్రొఫెషనల్ కార్డుల్లో (గేమ్స్‌కి కాకుండా వృత్తి పనుల కోసం చేసేవి) చాలావాటికి ఈ వివరాల్ని డ్రైవర్‌లోనే, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే, భద్రపరిచే వీలుంది.

అపోహ: ప్రొఫెషనల్ కార్డులు పేరుకే ఖరీదు.

సగం నిజం. ఒకటి రెండు తెరల మీద వీడియో తిప్పడానికి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే చాలు, కార్డే అక్కర్లేదు. ఒకే బొమ్మ చాలా తెరల మీద అతుకు తెలియకుండా పరుచుకోవాలంటే మాత్రం ఎన్‌విడియాలో మొజాయిక్ సౌకర్యం కావాలి, అది ప్రొఫెషనల్ కార్డులకే ఇచ్చారు. వీడియో వాల్ అడిగినవాళ్లతో ఇక్కడ బేరం ఆడను.

అపోహ: కేబుల్ దూరితే 4కె వచ్చినట్టే.

హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కెని సెకనుకి 30 ఫ్రేముల దాకానే పంపగలదు. కింద పాకే వార్తల పట్టీ అలా ఎగిరెగిరి పడటానికి చాలాసార్లు కారణం ఇదే. 60 కావాలంటే 2.0 ఉండాలి, కార్డుకీ టీవీకీ రెండిటికీ. ఇంకోటి: డిస్‌ప్లేపోర్ట్ అనే మరో రకం పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు అడాప్టర్‌ని తిప్పి, అంటే హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి, వాడితే పని చేయదు.

అపోహ: డ్రైవర్ ఎప్పుడూ లేటెస్ట్‌గా ఉండాలి.

గేమర్లకి సరే. ఇక్కడ మాత్రం బాగా నడుస్తున్న డ్రైవర్‌ని కదపకపోవడమే మంచిది, భద్రతా లోపాలు సరిచేసేవి తప్ప. విండోస్ అప్‌డేట్ డ్రైవర్లని తనంతట తాను మార్చకుండా సెట్టింగ్ చేసి పెట్టుకోండి. కార్డు 2 సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని తిరిగి మొదలుపెడుతుంది. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు ఎంట్రీ కనిపిస్తే జరిగింది అదే. అప్పుడప్పుడు తెర నల్లబడి మళ్లీ వస్తోందని ఫోన్ వస్తే నేను మొదట చూసేది అక్కడే.

అపోహ: కంప్యూటర్ లోపల కార్డు గుచ్చే స్లాట్‌లో పడితే సరిపోయినట్టే.

స్లాట్ ఇచ్చే కరెంటు 75 వాట్ల లోపే. అంతకు మించి తాగే కార్డుకి పవర్ సప్లై నుంచి వేరే కేబుల్ రావాలి, చిన్న డబ్బా కంప్యూటర్లలో చాలావాటికి అది ఉండదు. ఫ్యాను లేని కార్డు దుమ్ము పట్టదని కొంటారు గానీ, టీవీ వెనక గాలాడని అరలో పెడితే అదీ కాగిపోతుంది. అందుకే బల్ల మీద కాదు, ఆ అర తలుపు మూసి, అసలు ఫైళ్లనే మూడు రోజులు ఆడించి చూడండి.