కొత్త విక్రాంత్‌కు కాటపల్ట్ ఎందుకు లేదు?

2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నేవీలో చేరిన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ మీద ఫైటర్లు సొంత ఇంజిన్ల బలంతోనే లేస్తాయి. ముందు భాగంలో డెక్ పైకి వంగి ఉంటుంది. దాన్నే స్కీ జంప్ అంటారు. విమానాన్ని బలంగా లాగి వదిలే కాటపల్ట్ ఇందులో లేదు. 1961 నాటి పాత విక్రాంత్‌లో మాత్రం ఉండేది!

ఆ ఓడ బ్రిటన్‌ది. యుద్ధకాలంలో తొందరగా, తక్కువ ఖర్చులో తయారుచేయాలనుకున్న రకం. హెర్క్యులిస్ పేరుతో 1945లో నీళ్లలోకి దింపారు, యుద్ధం ముగియడంతో పని ఆపేశారు. 1957లో భారత్ కొన్నాక బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేశారు. ఆలస్యం మనకు కలిసొచ్చింది. ఈలోగా జెట్ల కోసం వచ్చిన ఆవిరి కాటపల్ట్, ఒక పక్కకు తిప్పిన ల్యాండింగ్ డెక్ రెండూ దానికి అమరాయి.

ఆవిరి కావాలంటే బాయిలర్లు బాగుండాలి. 1971 నాటికి నాలుగింటిలో ఒకటి పగుళ్లిచ్చి, ఓడ వేగం బాగా తగ్గించాల్సి వచ్చింది. ఇక్కడే అసలు టెన్షన్. ఎదురుగాలిలోకి ఓడ ఎంత వేగంగా వెళ్తే విమానం లేవడం అంత తేలిక. అయినా ఆ ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధంలో దాన్ని తూర్పుకు పంపారు. డిసెంబర్ 4 నుంచి దాని మీది సీహాక్ ఫైటర్లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెబుతాయి.

1980ల్లో సీ హారియర్ ఫైటర్లు వచ్చాయి. వీటికి కాటపల్ట్ అక్కర్లేదు, చిన్న ర్యాంప్ చాలు. పాత విక్రాంత్‌లో కాటపల్ట్ తీసేసి స్కీ జంప్ పెట్టారు. అప్పటికి అది తెలివైన పనే. మన మిగతా విమానవాహక నౌకలు విరాట్, ఆ తర్వాత విక్రమాదిత్య కూడా ర్యాంప్‌తోనే వచ్చాయి. కొత్త విక్రాంత్ నడిచేది నాలుగు గ్యాస్ టర్బైన్లతో. బాయిలర్లే లేనప్పుడు ఆవిరి కాటపల్ట్ మాటెక్కడిది? కరెంటుతో పనిచేసే కాటపల్ట్‌లున్నాయి కానీ, వాటికి విద్యుత్తు విపరీతంగా కావాలి.

దీనివల్ల మనకు నష్టం లేకపోలేదు. నిండా ఇంధనం, ఆయుధాలతో ర్యాంప్ మీద లేవడం కష్టం. బరువైన రాడార్ విమానాలు అసలే లేవలేవు, అందుకే ఆ పని కామోవ్-31 హెలికాప్టర్లు చేస్తున్నాయి.

2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో నౌకల మీద వాడే 26 రఫేల్-ఎం ఫైటర్ల ఒప్పందం కుదిరింది. ఫ్రాన్స్ ఓడ మీద అవి కాటపల్ట్‌తో లేస్తాయి. మన దగ్గర ర్యాంప్ మీద లేవగలవో లేదో 2022లోనే గోవాలో పరీక్షించి చూశారు.