కార్మెల్ మఠంలో నియమాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో సిస్టర్లంటే, అంటే కతోలిక సన్యాసినులంటే, బడో ఆసుపత్రో గుర్తొస్తుంది. ఫ్రాన్సులోని అనెసీ ఊరి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 19వ శతాబ్దంలోనే ఇక్కడికి వచ్చి బడులు పెట్టారు మరి. గడప దాటకుండా ప్రార్థనలో బతికే కార్మెల్ సిస్టర్ల దారి వేరు. వాళ్ల గురించి మన విచారణల్లో (చర్చి పరిధుల్లో) వినిపించే మాటల్లో సగం తప్పే.

అపోహ: జీవితాంతం మౌనవ్రతం.

మాటపట్టులు, అంటే దేవునికి ఇచ్చే ప్రమాణాలు, మూడే: విధేయత, పేదరికం, బ్రహ్మచర్యం. మౌనం అందులో లేదు. పని దగ్గర అవసరమైనంత మాట, అదీ మెల్లగా. రెండు పూటలా భోజనమయ్యాక అందరూ కలిసి కూర్చుని కబుర్లాడాలి, చేతిలో కుట్టుపనితో. ఇది కార్మెల్ మఠాలను సంస్కరించిన స్పెయిన్ పునీతురాలు అవిలాపురి తెరేజమ్మ పెట్టిన పద్ధతి. అప్పుడు ఒంటరిగా గదిలో ఉండిపోతేనే తప్పు. రాత్రి ప్రార్థన నుంచి తెల్లవారేదాకా మాత్రం గట్టి మౌనం. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అదీ పక్కన పెడతారు.

అపోహ: పనీపాటా ఉండదు.

దివ్యపూజ (మాస్), ఏడు వేళల ప్రార్థన, ఉదయం గంట, సాయంత్రం గంట ధ్యానం. మిగతాదంతా పనే. చాలా మఠాల్లో పూజకు అప్పాలు, అంటే పూజలో పంచే పల్చటి రొట్టెబిళ్లలు, చేస్తారు. గోధుమపిండి, నీళ్లు తప్ప ఉప్పు కూడా పడకూడదు. జారుగా కలిపి రెండు వేడి పెనాల మధ్య నొక్కి కాలుస్తారు. ఆ రేకును వెంటనే కోస్తే అంచులు పగులుతాయి, అందుకే కాస్త తేమ పట్టి మెత్తబడ్డాక గుండ్రంగా కోస్తారు. తర్వాత మళ్లీ బాగా ఆరాలి. మన సముద్రపు గాలికి ఆరకుండా డబ్బాలో పెడితే బూజే. మధ్యలో ప్రార్థన గంట మోగిందా, పెనం ఆపి లేవాల్సిందే. "ఇంకొక్క వాయి" కుదరదు. కొత్తగా చేరినవాళ్లకు మౌనం కన్నా ఇదే కష్టం.

అపోహ: కటిక ఉపవాసాలు.

సెప్టెంబరు 14 నుంచి ఈస్టరు దాకా ఉపవాసకాలం, ఆదివారాలు మినహా. మాంసం ముట్టరు. చేపకు అడ్డులేదు, విశాఖ పిల్లకు అదో ఊరట! జబ్బుపడ్డవాళ్లకు నియమావళే సడలింపు ఇస్తుంది.

అపోహ: చేరితే ఇక తిరిగి రాలేరు.

2018లో వాటికన్ ఇచ్చిన నిబంధనల ప్రకారం నిత్య మాటపట్టుకు (జీవితాంతానికి ఇచ్చే మాటకు) ముందు కనీసం తొమ్మిదేళ్ల శిక్షణ ఉండాలి. నొవిషియేట్‌లో, అంటే మాటపట్టుకు ముందటి శిక్షణలో, ఉండగా ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. తాత్కాలిక మాటపట్టు గడువు తీరినప్పుడూ అంతే. వైద్యానికి, ఓటుకు బయటికి రావచ్చు. ఇంటివాళ్లు చూడ్డానికి వెళ్లేముందు మఠం పెద్ద అయిన మదర్‌కు కబురు పెట్టాలి. ఈస్టరుకు ముందటి తపస్సుకాలంలో, క్రిస్మస్‌కు ముందటి ఆగమనకాలంలో చాలా మఠాలు సందర్శకులను రానివ్వవు.