కెర్నల్ మారితే నెట్‌వర్క్ కార్డు పేరెందుకు మారుతోంది?

లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అప్‌గ్రేడ్ చేసి రీబూట్ కొడితే సర్వర్ ఇక పింగ్‌కు (ఉన్నావా అని నెట్‌వర్క్ మీద వేసే పిలుపుకు) పలకడం లేదన్న గోడు 2024 నుంచి మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. ఆ ఏప్రిల్‌లో వర్చువల్ మెషీన్లు (యంత్రంలో యంత్రాలు) నడిపే ప్రాక్స్‌మాక్స్ 8.2, ఉబుంటు 24.04 లైనక్స్ రెండూ 6.8 కెర్నల్‌తో వచ్చాయి. ఇంటెల్ ఎక్స్710 నెట్‌వర్క్ కార్డులున్న యంత్రాల్లో డ్రైవర్ లోడవుతుంది, పోర్టు లైటు వెలుగుతుంది, నెట్‌వర్క్ మాత్రం ఉండదు. నిన్నటిదాకా ‘ఈఎన్‌పీ1ఎస్0ఎఫ్0’గా ఉన్న కార్డు పేరు చివర ‘ఎన్‌పీ0’ అనే తోక మొలిచింది. కాన్ఫిగ్ ఫైల్లో బ్రిడ్జి (కార్డును వర్చువల్ మెషీన్లకు కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) పోర్టుగా ఉన్నది పాత పేరే కాబట్టి బ్రిడ్జికి ఐపీ వస్తుంది, దాని కింద కార్డే ఉండదు.

ఈ తోక ఎక్కడిది? కొత్త కెర్నల్లో ఆ డ్రైవర్ తన పోర్టు పేరు ‘పీ0’ అని సిస్‌ఎఫ్ఎస్ (కెర్నల్ సమాచారం చూపే ఫైళ్ల చెట్టు) ద్వారా చెప్పడం మొదలుపెట్టింది. పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ దానికి ముందు ‘ఎన్’ తగిలించి పేరు చివర అతికించింది. ఎవరి పని వాళ్లు రూలు ప్రకారమే చేశారు. చిక్కంతా ఆ రూలులోనే ఉంది, అది పుట్టింది 2013 జనవరిలో.

అంతకుముందు యూడెవ్ కార్డు మ్యాక్ అడ్రస్‌నూ (తయారీలోనే కార్డుకు పడే గుర్తింపు సంఖ్య) పేరునూ ‘70-పర్సిస్టెంట్-నెట్’ రూల్స్ ఫైల్లో రాసిపెట్టుకునేది. కెర్నల్ ఏదైనా, డ్రైవర్ ఏం చెప్పినా ఆ మ్యాక్‌కు ఆ పేరే. లోపాలు లేవని కాదు. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేస్తే మ్యాక్ మారి, కార్డు పేరు ఈత్0 కాస్తా ఈత్1 అయ్యేది. కెర్నల్ ఇచ్చే పేర్లూ యూడెవ్ పెట్టే పేర్లూ ఒకే వరసలోవి కావడంతో బూట్ సమయంలో రెండూ ఢీకొనేవి. వీటివల్ల యూడెవ్ ఆ ఫైల్నే వదిలేసింది. 2013లో సిస్టమ్‌డీ (యూడెవ్‌ను తనలో కలుపుకున్న, బూట్‌ను నడిపే వ్యవస్థ) 197తో, రాసిపెట్టుకోకుండా ప్రతి బూట్‌లోనూ ఫర్మ్‌వేర్ ఇచ్చే సంఖ్య, స్లాటు, పీసీఐ చిరునామా (మదర్‌బోర్డు మీద కార్డు చోటు) చూసి పేరును లెక్కగట్టడం మొదలైంది. హార్డ్‌వేర్ మారకపోతే పేరు మారదన్నది సిస్టమ్‌డీ వాళ్ల హామీ. కానీ హార్డ్‌వేర్ గురించి యూడెవ్‌కు చెప్పేది కెర్నలే. కెర్నల్ ఒక్క మాట ఎక్కువ చెప్పినా, బస్ నంబరు వేరుగా వేసినా లెక్క మారిపోతుంది. నేటి గొడవకు మూలం ఇదే.

2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 2017లో డెబియన్ 9 ఇదే దారి పట్టాయి. 2018 డిసెంబరులో సిస్టమ్‌డీ 240 ‘నేమింగ్ స్కీమ్’ను తెచ్చి, పేరుపెట్టే రూలును ఒక వెర్షన్‌కు కట్టేసే వీలిచ్చింది. అది సూత్రాన్ని కట్టేస్తుందే గానీ అందులోకి వచ్చే అంకెలను కాదు. దాన్ని పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకూ ఎన్‌పీ0 వచ్చిపడింది. కెర్నల్ కొత్త సమాచారమిస్తే మేమేం చేస్తామని సిస్టమ్‌డీ వైపు వాళ్లు, సమాచారమివ్వడం తప్పెలా అవుతుందని కెర్నల్ వైపు వాళ్లు అంటారు. రెండూ నిజమే. అయితే యంత్రం చేతిలో ఉన్న మ్యాక్ అడ్రస్‌ను పక్కన పెట్టాలన్న నిర్ణయం మాత్రం కెర్నల్‌ది కాదు.

తోక పెట్టే తంటా ఇంకొకటుంది. లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. పాత పేరు ఇంగ్లిష్‌లో 8 అక్షరాలు, చుక్క పెట్టి వీల్యాన్ (ఒకే తీగ మీద విడదీసిన నెట్‌వర్క్) నంబరు 1000 కలిపితే 13. కొత్త పేరు 11 అక్షరాలు, అదే వీల్యాన్ కలిపితే 16. ఆ ఇంటర్‌ఫేస్ తయారే కాదు. పేరు సరిదిద్దాక కూడా కొన్ని వీల్యాన్లు లేవకపోతే ముందు అక్షరాలు లెక్కపెట్టండి.

యంత్రం అందకుండా పోతే ఐపీఎంఐ కన్సోల్ (సర్వర్‌ను దూరం నుంచి నడిపే విడి దారి) నుంచి లాగిన్ అయి ‘ఐపీ లింక్’ కొట్టండి. కార్డు అసలే కనిపించకపోతే అది పేరు జబ్బు కాదు. ‘ఎల్ఎస్‌పీసీఐ’కి ‘కె’ ఆప్షన్ కలిపి కొట్టి, కార్డు కింద వాడుకలో ఉన్న డ్రైవర్ వరస ఉందో లేదో చూడండి. లేకపోతే చాలాసార్లు కారణం, డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను తిరిగి బిల్డ్ చేసే పనిముట్టుతో) పెట్టిన బయటి డ్రైవర్ కొత్త కెర్నల్‌కు బిల్డ్ కాకపోవడం. కెర్నల్ హెడర్లు (డ్రైవర్ బిల్డ్‌కు కావాల్సిన ఫైళ్లు) వేయకపోతే అది బిల్డ్ కాదు. గ్రబ్‌లో (బూట్ మెనూలో) పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేసి, హెడర్లు వేసి, మాడ్యూల్ మళ్లీ బిల్డ్ చేయాలి.

కార్డు వేరే పేరుతో కనిపిస్తే ‘డీమెసేజ్’లో ‘రినేమ్డ్ ఫ్రమ్’ అన్న వరస వెతకండి, ఏ పీసీఐ చిరునామాకు ఏ పేరొచ్చిందో అక్కడే ఉంటుంది. కాన్ఫిగ్‌లో కొత్త పేరు రాసి ‘ఐఎఫ్‌రీలోడ్’ చేస్తే నెట్‌వర్క్ లేస్తుంది. అక్కడితో ఆపితే వచ్చే అప్‌గ్రేడ్‌కు మళ్లీ ఇదే పని.

పేరును మ్యాక్‌కు కట్టేయాలి. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ డైరెక్టరీలో 10తో మొదలయ్యే ఒక లింక్ ఫైలు పెట్టి, మ్యాచ్ భాగంలో మ్యాక్ అడ్రస్‌తో పాటు టైప్ ఈథర్ అనీ, లింక్ భాగంలో ల్యాన్0 లాంటి పేరూ రాయండి. బ్రిడ్జికీ వీల్యాన్‌కూ కార్డు మ్యాకే వస్తుంది కాబట్టి టైప్ రాయకపోతే రూలు వాటికీ తగులుతుంది. ఈత్0 అని మాత్రం పెట్టొద్దు, కెర్నల్ ఇచ్చే పేరుతో ఢీకొంటుంది. తర్వాత అన్ని కెర్నళ్లకూ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ వ్యవస్థ) తిరిగి కట్టాలి, కార్డుకు పేరు పడేది చాలాసార్లు అక్కడే. ‘నెట్ ఐఎఫ్‌నేమ్స్ 0’ అనే బూట్ చిట్కా ఒకే కార్డున్న వర్చువల్ మెషీన్‌కు సరిపోతుంది. రెండు కార్డులుంటే ఏది ముందు దొరికితే అదే ఈత్0.

2025 ఆగస్టులో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 9లో ఈ లింక్ ఫైళ్లు రాసే పిన్నింగ్ (పేరును కట్టేసే) పనిముట్టు చేరింది. అప్పట్లో వదిలేసిన మ్యాక్ పట్టికే ఇది, కొత్త ఫైల్లో. దీన్ని వాడేవాళ్లు ఒకటి మరవకూడదు: కార్డు చెడి కొత్తది బిగిస్తే మ్యాక్ మారుతుంది. యంత్రం ఆపే ముందే కొత్త కార్డు స్టిక్కర్ మీది మ్యాక్‌ను లింక్ ఫైల్లో రాసి, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌ను మళ్లీ కట్టి, ఆ తర్వాతే కార్డు మార్చాలి.