గోడ మీది చార్టులో ఖాళీలు

చిరంజీవులైన పిల్లలకు,

మాస్టారి ఆశీస్సులు. ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజని, మీరు వరండా గోడకు అంటించిన చార్టు చూశాను. కరణం మల్లీశ్వరి 1994, 1995, 2000. గోపీచంద్ 2001. మిథాలీ రాజ్ 2002. కోనేరు హంపి 2002, 2019, 2024. సింధు 2016, 2019, 2021. జ్యోతి యర్రాజి 2023. ఎర్ర స్కెచ్ పెన్నుతో ఏడాది, పక్కన పసుపు రంగేసిన పతకం. ఒక్క అంకె తప్పు లేదు. ఇంటికొచ్చాక కూడా అదే కళ్లలో మెదిలింది. మీరు రాసిన ఏళ్లు మీకు కంఠతా వచ్చు. వాటి మధ్య మిగిలిన తెల్లకాగితం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మొదట మన జిల్లా పిల్ల, మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994లో, మళ్లీ 1995లో, ఒంటి బరువును బట్టి పెట్టే 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. మరి 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి కదా, ఆ ఏడు మీ చార్టులో ఎందుకు లేదు? ఓడిపోయిందనుకున్నారేమో. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను అప్పటికింకా ఒలింపిక్స్‌లో చేర్చనే లేదు. ప్రపంచంలో తనదే పైచేయి అయిన రోజుల్లో తనకక్కడ పోటీయే లేదు. మొదటిసారి 2000లో సిడ్నీలో పెట్టారు. అప్పటికి మల్లీశ్వరికి పాతికేళ్లు, పోటీపడే విభాగం 69 కిలోలకు మారింది.

సెప్టెంబర్ 19న ఏం జరిగిందో కాస్త నిదానంగా చదవండి. స్నాచ్ అంటే నేల మీది రాడ్డును ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపులో తల మీదికి లేపి నిలబడడం. అందులో 110 కిలోలు ఎత్తింది. రెండోది క్లీన్ అండ్ జెర్క్. రాడ్డు ముందు భుజాల మీదికి రావాలి, అక్కడ ఊపిరి తీసుకుని, మోకాళ్లు కొంచెం వంచి, ఒక్క తోపుతో పైకి పోవాలి. అందులో 130. మొత్తం 240 అయింది. అక్కడితో ఊరుకోలేదు. బంగారం కోసం మూడో ప్రయత్నానికి 137.5 వేయించారు. అది నిలవలేదు. మొదటి ఇద్దరూ ఎత్తింది చెరి 242.5. వాళ్లలో ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం ఇచ్చారు, మల్లీశ్వరికి కాంస్యం. తేడా రెండున్నర కిలోలు. మీ పుస్తకాల సంచి అంతకన్నా బరువుంటుంది! ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే, అది మీరు రాశారు. నిలవని ఆ 137.5 కూడా ఆ పక్కనే రాయండి. ఆ రాడ్డు దగ్గరికి నడిచి వెళ్లిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మిథాలీ పేరు పక్కన 2002 రాశారు. ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో టెస్టు మ్యాచిలో 214 పరుగులు కొట్టిన ఏడాది. సికింద్రాబాద్‌లో పెరిగిన ఆ అమ్మాయి 1999లో పదహారేళ్లకే ఐర్లండ్ మీద తొలి వన్డేలోనే సెంచరీ చేసి, 2022 దాకా ఆడింది. ఆ ఇరవైమూడేళ్లలో ఆమె ఆడిన టెస్టులు ఎన్నో తెలుసా? పన్నెండు. 2006 తరువాత 2014 దాకా మన ఆడపిల్లల జట్టుకు ఒక్క టెస్టూ పెట్టలేదు. డబుల్ సెంచరీ కొట్టిన చేతులు ఎనిమిదేళ్లు తెల్ల దుస్తుల్లో బ్యాటు పట్టలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. ఆపరేషన్లయ్యాయి. ఆ మోకాలితోనే 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. తరువాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు, సింధు 2016 ఒలింపిక్ రజతం అక్కడి శిక్షణలోంచే వచ్చింది. హంపి పదిహేనేళ్లకే చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ అయింది. పాప పుట్టాక బోర్డు ముందుకు తిరిగొచ్చి 2019లో ర్యాపిడ్ ప్రపంచ విజేత అయింది, 37 ఏళ్ల వయసులో మళ్లీ గెలిచింది.

ఒక పేరు మీరు మరిచారు. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఫుట్‌బాల్ కోచ్. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి ముందుకు తెచ్చి ఆడించారు, అతను గోల్ కొట్టాడు. మరుసటేడే రహీం గారు క్యాన్సర్‌తో పోయారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు ఆ తరువాత రాలేదు. ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది.

ఇక జ్యోతి. విశాఖపట్నం పిల్ల. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేది. 100 మీటర్ల హర్డిల్స్‌లో, అంటే దారిలో అడ్డుపెట్టిన చట్రాల మీంచి ఎగురుతూ పరిగెత్తే పోటీలో, జాతీయ రికార్డు 2002 నుంచీ 13.38 సెకన్ల దగ్గరే ఉండిపోయింది. 2020లో కర్ణాటకలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలో జ్యోతి 13.03లో పరిగెత్తింది. అక్కడ డోపింగ్ పరీక్ష, అంటే నిషేధించిన మందులు వాడారేమో చూసే పరీక్ష, చేయలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ట్రాక్ పక్కన గాలి వేగం కొలిచే యంత్రం ఉంటుంది. వీపు వెనక నుంచి తోసే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1 చూపించింది. పది సెంటీమీటర్ల గాలి! ఆ రాత్రి ఆ పిల్లకు నిద్ర పట్టి ఉంటుందా? ఆ మరుసటి నెల, మే 10న సైప్రస్‌లో 13.23లో పరుగు ముగించింది. ముందు రెండుసార్లకన్నా నెమ్మదే, కానీ ఇది చెల్లింది. అక్కడి నుంచి 12.78 దాకా దించింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరుగుకు నిలబడిన తొలి భారతీయురాలు ఆమే. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా టైటిల్ మళ్లీ గెలిచినప్పుడు వాన వల్ల స్టేడియం ఖాళీగా ఉంది. చప్పట్లు కొట్టడానికి గ్యాలరీలో జనం లేరు.

అందుకని వచ్చే ఆదివారం పొద్దున్నే బడికి వస్తాను. ఆమె పరుగులో ఒక హర్డిల్‌కూ మరొక హర్డిల్‌కూ మధ్య దూరం ఎనిమిదిన్నర మీటర్లు. దాన్ని మూడు అంగల్లో దాటి నాలుగో అంగకు ఎగరాలి. మన గ్రౌండులో జామచెట్టు దగ్గర నుంచి అదే కొలతలో పది గీతలు గీద్దాం. గీతలు మీరు దాటి చూడండి, మీ పరుగు నేను చూస్తాను. సున్నం నేను తెస్తాను, టేపు గేమ్స్ రూము బీరువాలో పైఅరలో ఉంటుంది. బూట్లు లేనివాళ్లు ఇబ్బంది పడొద్దు, ఒట్టి కాళ్లతోనే రండి, ముళ్లు ముందే ఏరిస్తాను.

ఇట్లు,
మీ పాత డ్రిల్లు మాస్టారు