తుపాకుల కంటే ముందు వచ్చిన ఇళ్లు

బ్రెజిల్ సినిమా ‘సిటీ ఆఫ్ గాడ్’ పేరెత్తితే సినిమా పిచ్చి ఉన్న మన కుర్రాళ్లు మొదట చెప్పేది కోడి సంగతే. రాతి మీద కత్తి నూరుతుంటారు, కోడి తాడు విడిపించుకుని పారిపోతుంది, దాని వెనక సందుల్లో తుపాకులు పట్టుకున్న పిల్లలు పరుగెడతారు. 2002లో వచ్చినా ఆ వేగం ఇప్పటికీ పాతబడలేదు. అయితే నెల్లూరులో పెన్న ఒడ్డున బతికేవాళ్లకు ఇంకా దగ్గరగా తగిలే కథ ఒకటి ఈ సినిమా వెనక ఉంది. అది ఇళ్ల కథ.

1960లో బ్రెజిల్ రాజధాని రియో డి జనీరో నుంచి బ్రసీలియాకు మారింది. రియో నగరం గ్వనాబారా అనే చిన్న రాష్ట్రమైంది. దాని గవర్నరు కార్లోస్ లాసెర్డా కొండల మీద, సముద్రపు ఒడ్డున ఉన్న గుడిసెలను ఖాళీ చేయించి పేదలను ఊరవతలి కాలనీలకు పంపే పని మొదలుపెట్టాడు. అమెరికా సాయం సొమ్ము కూడా అందుకు తోడైంది. ఖాళీ అయిన స్థలాలకు మంచి గిరాకీ ఉండేదని వేరే చెప్పాలా? నగరానికి పడమట, జకరెపగ్వా వైపు కట్టిన అలాంటి కాలనీయే సిదాది ది దేవుస్, అంటే ‘దేవుడి పట్టణం’. సినిమా పేరూ, కథా దానివే.

1966 జనవరిలో కుండపోత వానలకు రియో కొండచరియలు విరిగిపడ్డాయి. నిలువ నీడ లేనివాళ్లను ఇంకా పూర్తికాని ఆ ఇళ్లలోకే తెచ్చి దించారు. 2021 నవంబరులో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ మునగడం చూసినవాళ్లకు ఆ తొందర ఎలాంటిదో తెలుసు. తేడా ఏమిటంటే, అక్కడ తాత్కాలికంగా దిగినవాళ్లు చాలామంది అక్కడే ఉండిపోయారు. 1969లో రియోలో సంపన్నులుండే సముద్రతీర పేట లెబ్లాన్‌లోని ప్రాయా దో పింతో బస్తీ కాలిపోయాక మరికొందరు వచ్చి చేరారు. ఒకే కొండ మీద పుట్టి పెరిగిన చుట్టుపక్కాలు చెల్లాచెదురయ్యారు. సంపన్నుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు నడక దూరంలో ఉండే పని దూరాభారమైంది. దేశం అప్పటికే, 1964 నుంచీ, సైనిక పాలనలో ఉంది. అడిగే దిక్కు లేదు.

మత్తుమందుల సంగతి ఆ తర్వాతిది. మొదట్లో చిల్లర గంజాయి. డెబ్బైల చివరికి కొకైన్ వచ్చింది, దాని డబ్బుతో పెద్ద ఆయుధాలూ వచ్చాయి. సినిమాలో ఈ చరిత్రనంతా ఒక్క గదిలో చూపించే సన్నివేశం ఉంది. నా లెక్కలో కోడి పరుగు కంటే అదే గొప్పది. కెమెరా ఒక మూల నిలబడి కదలదు. మొదట పిల్లలను పెంచుకోవడానికి గంజాయి అమ్మే ఒక వితంతువు ఉంటుంది. తర్వాత ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఆ ఇల్లు మారుతుంది. సామాను మాయమవుతుంది, గోడలు మాసిపోతాయి, వెలుతురు తగ్గుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

కథకు మూలం పౌలో లిన్స్ 1997లో ప్రచురించిన నవల. ఆయన ఆ కాలనీలోనే పెరిగాడు. అక్కడి నేరాల మీద పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త అల్బా జలువార్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. ప్రకటనల రంగం నుంచి వచ్చిన ఫెర్నాండో మీరెల్లెస్, సహ దర్శకురాలు కాతియా లుండ్ బస్తీ పిల్లలను ఎంచుకుని నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. క్రూరుడైన ముఠా నాయకుడిగా నటించిన లియాండ్రో ఫిర్మీనో ఆ కాలనీవాడే. చిత్రీకరణ మాత్రం చాలావరకు సిదాది ఆల్తాలో జరిగింది. ప్రాయా దో పింతో నుంచి తరలించినవాళ్ల కోసమే కట్టిన మరో కాలనీ అది!

2004లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం, కూర్పు విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. తగవూ వచ్చింది. బ్రెజిల్ దర్శకుడు గ్లౌబెర్ రోషా 1965లో ‘ఆకలి సౌందర్యశాస్త్రం’ అని రాస్తే, ఇప్పటివాళ్లు ఆకలికి రంగులు పూస్తున్నారని విమర్శకురాలు ఇవానా బెంతెస్ ఎత్తిపొడిచింది. ఆ విమర్శ సగమే న్యాయం అనుకుంటాను, ఎందుకంటే ఆ గది సన్నివేశంలో పూత ఏమీ లేదు. కాలనీలోనే పెరిగిన రాప్ గాయకుడు ఎం.వి. బిల్ అభ్యంతరం వేరు: సినిమా తమ మీద మచ్చ వేసి పోయిందని, అక్కడి పిల్లలకు దానివల్ల ఒరిగిందేమీ లేదని. దీనికి మాత్రం నా దగ్గర ఎదురు వాదన లేదు. ముఠాల మీద రెండు గంటలు వెచ్చించిన సినిమా, పేదలను ఆ కాలనీకి పంపినవాళ్ల మీద కొన్ని క్షణాలే ఖర్చుపెట్టింది.