విడాకులయ్యాక కూడా మనోవర్తి ఎందుకు? ఈ చట్టం ఇక్కడిదాకా ఎలా వచ్చింది?

విడాకులిచ్చిన భార్యకు నెలకు 20 వేలు కట్టాలని తెలంగాణలో ఒక ఫ్యామిలీ కోర్టు చెప్పింది. హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. భర్త అదీ ఒప్పుకోలేదు. ముస్లిం మహిళలకు 1986 నాటి ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి భార్యాపిల్లలకు మనోవర్తి ఇప్పించే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ తన కేసులో చెల్లదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 జులై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ఆ వాదన కొట్టేశారు. ఏ మతానికి చెందిన మహిళైనా ఈ సెక్షన్ కింద అడగవచ్చన్నారు.

ఇలాంటి గొడవ చాలా పాతది. బ్రిటిష్ వాళ్లు 1898లో తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488వ సెక్షన్ ప్రకారం, భర్త వదిలేసిన భార్యాపిల్లలకు మేజిస్ట్రేటు నెలకింత అని ఇప్పించేవారు. విడాకులైతే ఆమె ఇక భార్య కాదు, హక్కూ ఉండదు. అందుకే కేసు పడగానే తలాక్ చెప్పేసి తప్పించుకునే భర్తలు ఉండేవారు. 1973 కోడ్‌లో దీన్ని సరిదిద్దారు. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీని కూడా 125 కింద భార్యగానే లెక్కించారు. అయితే 127వ సెక్షన్‌లో ఒక సందు వదిలారు. మతాచారం ప్రకారం విడాకుల సమయంలో ఇవ్వాల్సిన సొమ్ము మొత్తం ఇచ్చేస్తే మేజిస్ట్రేటు ఉత్తర్వు రద్దవుతుంది.

ఆ సందును ఎలా వాడుకున్నారో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఫజ్లున్‌బీ కేసు చూస్తే తెలుస్తుంది. భర్త బ్యాంకు ఉద్యోగి. ఆమెకు నెలకు 250 రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అతను తలాక్ చెప్పి, మెహర్ (పెళ్లప్పుడు భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) కింద 500, ఇద్దత్ కాలానికి (విడాకుల తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన సుమారు మూడు నెలలు) 750 ముందు పెట్టాడు. అంతా కలిపితే ఐదు నెలల మనోవర్తి! దాంతో ఉత్తర్వు రద్దయింది, హైకోర్టూ అదే సరైనదంది. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని తిప్పికొట్టారు. ఇచ్చిన సొమ్ము ఆమె బతకడానికి నిజంగా సరిపోవాలి, పేరుకు ఇస్తే చాలదన్నారు. షాబానో పేరు తెలిసినంతగా ఈ పేరు మనవాళ్లకు తెలియకపోవడం బాధగా ఉంటుంది.

ఇందోర్‌కు చెందిన షాబానోకు మేజిస్ట్రేటు వేసింది నెలకు 25 రూపాయలు. హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చాక దేశమంతా దుమారం రేగింది. మరుసటి ఏడాదే ముస్లిం మహిళల కోసం ఆ 1986 చట్టం తెచ్చి, ఇద్దత్ తర్వాత బాధ్యతను ఆమె బంధువుల మీద, ముస్లిం ధర్మాదాయ ఆస్తులు చూసే వక్ఫ్ బోర్డు మీద పెట్టారు. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేయకుండానే, ఆమె మిగతా జీవితానికి సరిపడా ఏర్పాటును భర్త ఇద్దత్ లోపే చేయాలని చెప్పింది.

హిందువులకు 1955 వివాహ చట్టంలోనే 25వ సెక్షన్ ఉంది. దాని కింద భర్త కూడా శాశ్వత భరణం అడగవచ్చు, ఇది చాలామందికి తెలియదు. అయినా త్వరగా తేలుతుందన్న ఆశతో హిందూ మహిళలూ 125 దారే పట్టేవారు. అక్కడ మాత్రం కేంద్ర చట్టంలో నెలకు 500 దాటకూడదన్న పరిమితి 2001 దాకా ఉండిపోయింది. ధరలు ఎంత పెరిగినా, భర్త జీతం ఎంతైనా అంతే. పేదరాలి గురించి చట్టం ఎంత తక్కువ ఆలోచించిందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

2001 సవరణలో పరిమితి ఎత్తేశారు. కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర మనోవర్తిని వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని కూడా రాశారు. కానీ రజ్నేష్, నేహా అనే భార్యాభర్తల కేసులో 2013లో వేసిన దరఖాస్తు మీద తగవు 2020 దాకా సాగింది. అప్పుడే జస్టిస్ ఇందు మల్హోత్రా, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి గట్టి నియమాలు పెట్టారు. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలి. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలి. జీతంలో నాలుగో వంతు అని జనం అనుకునే లెక్క చట్టంలో ఎక్కడా లేదు.

2024 జులై 1 నుంచి 125 స్థానంలో, పాత కోడ్ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. ఒక పాత షరతు మాత్రం ఇందులోనూ కొనసాగుతోంది. భర్త డబ్బు ఎగ్గొడితే వసూలు వారెంటు కోసం, బకాయి పడిన ఏడాదిలోపే భార్య కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి.