బార్ అసోసియేషన్ ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కోర్టులో లాయర్ల సంఘమైన బార్ అసోసియేషన్ ఎన్నికల నోటిఫికేషన్ బార్ రూమ్ నోటీసు బోర్డు మీదికి ఎక్కగానే ఏటా అవే మాటలు వినిపిస్తాయి. ‘మనకెందుకండీ ఇవన్నీ’, ‘డబ్బున్నవాళ్ల వ్యవహారం అది’, ‘ఇరవై ఏళ్ల సీనియారిటీ లేనిదే ఎవరు వేస్తారు ఓటు’. నేను విజయనగరం జిల్లాలో పద్నాలుగేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. ట్రెజరర్ పోస్టుకి రెండుసార్లు నిలబడి ఒకసారి ఓడిపోయాను, ఒకసారి గెలిచి ఏడాది పనిచేశాను. ఈ మాటలు విని వెనక్కి తగ్గిన మంచి లాయర్లను చాలామందిని చూశాను, అందుకే రాస్తున్నాను.

అపోహ: విందులు ఇవ్వకపోతే ఓట్లు పడవు.

విందులు జరగవని నేను చెప్పను, జరుగుతాయి. కానీ మన బార్‌లలో ఓటరు అంటే రోజూ మొహాలు చూసుకునే మనిషి. ఎదుటి పక్షం లాయరుకి జ్వరం వచ్చి వాయిదా అడిగితే మీరు ఒప్పుకున్నారా, ఎక్స్‌పార్టీ చేయించేశారా (ఆయన లేకుండానే కేసు నడిపించేశారా), జూనియర్ వచ్చి సెక్షన్ అడిగితే కూర్చోబెట్టి చెప్పారా, విసుక్కున్నారా అన్నది అందరికీ గుర్తుంటుంది, ఒక రాత్రి భోజనంతో అది మారిపోదు. నేను ఓడిపోయింది విందు ఇవ్వనందుకు కాదు. నాకు వేస్తామని మనస్ఫూర్తిగా చెప్పిన జూనియర్లలో పదకొండు మంది పేర్లు ఓటరు జాబితాలోనే లేవు, చందా బకాయి ఉందని. చందా గడువు ఎప్పుడన్నది అసోసియేషన్ నియమావళి అయిన బైలాలో స్పష్టంగా ఉంది, నేను బైలా చదవలేదు, వాళ్లూ చదవలేదు. తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే ఆఫీసు నుంచి బైలా కాపీ తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఎవరు ఓటరు, ఏ పోస్టుకి ఎన్నేళ్ల ప్రాక్టీస్ ఉండాలి, నామినేషన్‌కి ఎంత డిపాజిట్, అభ్యంతరాలు ఎన్ని రోజుల్లో చెప్పాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాతి ఏడాది గడువుకి నెల ముందే ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్లి చందా సంగతి గుర్తుచేశాను, నాకు వేస్తారా లేదా అని చూడకుండా అందరికీ. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎవరి చందా మీరు కట్టకండి. అది ఓటు కొనడమే.

అపోహ: ప్రెసిడెంట్ అయితే లాయర్ల సనదు (ప్రాక్టీస్ చేసే అనుమతి) మన చేతిలో ఉంటుంది.

ఉండదు. బార్ అసోసియేషన్ వేరు, బార్ కౌన్సిల్ వేరు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఇచ్చేది, 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ చర్య తీసుకునేది రాష్ట్ర బార్ కౌన్సిల్. అసోసియేషన్ చేయగలిగింది ఫిర్యాదు పంపడం వరకే.

‘శ్రీకాకుళంలో మెంబర్ని, టెక్కలిలో మెంబర్ని, రెండు చోట్లా వేస్తాను’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు చోట్లా మెంబరుగా ఉండొచ్చు గాని ఓటు ఒక్కచోటే. సుప్రీంకోర్టు బార్ ఎన్నికల వివాదంలో 2011లో వచ్చిన బి.డి. కౌశిక్ తీర్పు ‘ఒక బార్, ఒక ఓటు’ పద్ధతిని సమర్థించింది. మీరు అభ్యర్థి అయితే ఎక్కడ ఓటు ఉంచుకుంటారో ముందే తేల్చుకోండి, లేదంటే నామినేషన్ల పరిశీలన రోజున టెన్షన్ పడాల్సి వస్తుంది.

అపోహ: ఆడవాళ్లకి లేడీ రిప్రజెంటేటివ్ (కమిటీలో మహిళా ప్రతినిధి) పోస్టు చాలు.

ఈ మాట నా మొహం మీదే అన్నారు, ఓ సీనియర్ గారు, ఎంతో ఆప్యాయంగా. 2024 మే 2న సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ ఎగ్జిక్యూటివ్ కమిటీలో మూడో వంతు స్థానాలు మహిళలకు ఉండాలని, ఆ ఏడాది ట్రెజరర్ పోస్టు మహిళకే కేటాయించాలని ఆదేశించింది. అది జిల్లా బార్‌లకి దానంతట అదే వర్తించదు. కానీ ఏ పోస్టుకైనా ఆడవాళ్లు నిలబడకూడదని ఏ బైలాలోనూ చదవలేదు నేను. మహిళా లాయర్లకి సరైన టాయిలెట్, గౌను మార్చుకోవడానికి తలుపున్న గది, ఈ రెండూ అడగడానికి లేడీ రిప్రజెంటేటివ్ ఒక్కరే జిల్లా జడ్జి గారి దగ్గరికి వెళ్లాలా? ట్రెజరరూ వెళ్లొచ్చు, నేను వెళ్లాను, మాకు గది వచ్చింది.

అపోహ: పదవి అంటే గౌరవం, పని సెక్రటరీ చూసుకుంటారు.

నేను గెలిచాక మొదటి నెలంతా బ్యాంకు చుట్టూనే తిరిగాను. సంతకాలు మార్చాలంటే తీర్మానం కాపీ కావాలి, కొత్త కమిటీ జాబితా కావాలి, పాతవాళ్ల సంతకాలు కావాలి. మీ బార్ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉంటే ఏటా కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి దాఖలు చేయాలి, లెక్కలు జనరల్ బాడీ ముందు పెట్టాలి. ఎవరూ చప్పట్లు కొట్టని పని ఇది. ఆ మధ్యలోనే మా తోటి లాయరు ఒకాయన హఠాత్తుగా చనిపోయారు, పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. మనం వకాలత్ (కక్షిదారు తరఫున వాదించడానికి ఇచ్చే అధికార పత్రం) మీద అంటించే వెల్ఫేర్ స్టాంపు డబ్బులు చేరేది 1987 నాటి చట్టంతో ఏర్పడ్డ అడ్వొకేట్ల సంక్షేమ నిధికి. ఆ నిధి నుంచి రావాల్సిన మొత్తానికి వాళ్ల ఇంటికి వెళ్లి కాగితాలు ఏరి, ఒక్కొక్కటీ నింపి, బార్ కౌన్సిల్‌కి పంపాం. ఆయన భార్యకి ఏ కాగితం దేనికో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, అది మన పని. ఆ ఏడాదంతా నేను చేసిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ఇదే.

విధుల బహిష్కరణ గురించి కూడా చెప్పాలి. ‘ప్రెసిడెంట్ పిలుపిస్తే కోర్టు బంద్’ అనుకుని నిలబడేవాళ్లున్నారు. హరీష్ ఉప్పల్ కేసులో 2002 డిసెంబరు 17న సుప్రీంకోర్టు లాయర్లకి సమ్మె చేసే హక్కు లేదని తేల్చింది. పత్రికా ప్రకటనలు, నల్ల బ్యాడ్జీలు, కోర్టు ఆవరణ బయట శాంతియుత ఊరేగింపు లాంటివి చేసుకోవచ్చంది. సోంపేట నుంచో సాలూరు నుంచో బస్సెక్కి వచ్చిన కక్షిదారుకి ఆ రోజు కూలి పోయినట్టే, అందుకే నేను కమిటీలో ఉన్నప్పుడు బహిష్కరణ తీర్మానాలకి చెయ్యి ఎత్తలేదు. దానివల్ల కొన్ని ఓట్లు పోయే ఉంటాయి.

ఈసారి నామినేషన్ వేసేవాళ్లు, పేరు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే రాయండి, నంబరు సరిచూసుకోండి. మిమ్మల్ని ప్రతిపాదించేవారు, బలపరిచేవారు చందా కట్టారో లేదో సంతకం పెట్టించకముందే జాబితాలో చూడండి. డిపాజిట్‌కి రసీదు అడిగి తీసుకోండి, టైము వేయించుకోండి. సందేహం ఉంటే లంచ్ టైములో నా టేబుల్ దగ్గరికి రండి, బైలా నా బ్యాగులోనే ఉంటుంది.